చెవితో విని రాశామంటూ అమ్మే గేమ్ నొటేషన్లు: కొనేముందు ఒక్క తిశ్రం చూడండి

పాత గేముల సంగీతాన్ని కీబోర్డు మీద వాయించాలని సరదాపడేవారికి ఈ మాట. నా డబ్బు ఎలాగూ పోయింది, మీరైనా ఆగి చూసుకోండి.

ఎనిమిది బిట్ల కాలం నాటి ఒక గేములోని పాటలన్నిటికీ నొటేషన్ కట్టగా అమ్ముతుంటే ఆన్‌లైన్‌లో కొన్నాను. ‘ప్రతి స్వరమూ చెవితో విని రాసినది, లయ యథాతథం’ అని వివరణలో ఉంది. నమూనాకు ఒక వీడియో కూడా పెట్టారు. పేజీలు కదులుతుంటే పాట వినిపిస్తుంది, రెండూ అతికినట్లు సరిపోయాయి. నా తెలివి తెల్లారింది అక్కడే. ఆ వీడియోలో వినిపించింది కాగితం మీద ఉన్నది కాదు, అసలు గేము ధ్వని. కింద ఏ కాగితాన్ని కదిలించినా పైన పాట బాగానే ఉంటుంది కదా!

రెండో పాటలో ఒకచోట బీటుకు మూడు స్వరాలు సమానంగా దొర్లుతాయి, అంటే తిశ్రం. గేము ఆడినవారికి అది నోటికి వచ్చు: తకిట, తకిట. కాగితంలో మాత్రం పొట్టి, పొడుగు, పొట్టి అని ఉంది. బీటును నాలుగో వంతు స్వరమని లెక్కేస్తే, పదహారో వంతు, ఎనిమిదో వంతు, మళ్లీ పదహారో వంతు. మొదట నా వేళ్లనే అనుమానించాను. మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) వేగాన్ని సగానికి తగ్గించి అరగంట సాధన చేశాను. ఎంత శుద్ధంగా వాయిస్తే పాట అంత శుద్ధంగా కుంటింది.

మిగతా పేజీలు తిరగేస్తే తిశ్రం ఉన్న ప్రతిచోటా ఇదే కుంటి నడక. మనిషి చెవి ఒకసారి పొరబడవచ్చు, అన్నిచోట్లా ఒకేలా పొరబడదు. కాగితం మీద లెక్క వేస్తే గుట్టు తెలిసింది. మిడి ఫైలంటే ఏ స్వరం ఎప్పుడు మొదలై ఎంతసేపు మోగాలో కంప్యూటర్‌కు చెప్పే ఫైలు. అది కాలాన్ని టిక్కులనే చిన్న ముక్కల్లో కొలుస్తుంది, చాలా ఫైళ్లలో బీటుకు 480 టిక్కులు ఉంటాయి. తిశ్రంలోని మూడు స్వరాలు 0, 160, 320 దగ్గర మొదలవుతాయి. వాటిని బీటుకు నాలుగు గడులున్న చట్రంలోకి నెట్టమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే అక్కడున్న గడులు 0, 120, 240, 360. 160కి దగ్గరిది 120, 320కి దగ్గరిది 360. స్వరాల నిడివి 120, 240, 120గా మారిపోతుంది. అదే ఆ పొట్టి, పొడుగు, పొట్టి. ఎవరో మిడి ఫైలును యంత్రంలో వేసి మీట నొక్కారు, విన్నవారు ఎవరూ లేరు.

ఈ పాటలకు మనిషి చెవి ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. 1983లో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రం సంగతే చూడండి. దాని చిప్పులో ధ్వని పుట్టించే ఛానెళ్లు ఐదే: రెండు పల్స్, ఒక ట్రయాంగిల్, ఒక నాయిస్, ఒక శాంపిల్, అంతే. సంగీతం నడిపే ప్రోగ్రాము సాధారణంగా తెర మీద బొమ్మ (ఫ్రేము) మారే ప్రతిసారీ, సెకనుకు సుమారు 60 సార్లు, ఒక అడుగు ముందుకు వేస్తుంది. కాబట్టి ఏ స్వరమైనా ఇన్ని ఫ్రేములని పూర్ణసంఖ్యలోనే ఉండాలి. పదహారో వంతుకు 7 ఫ్రేములైతే బీటుకు 28, వేగం నిమిషానికి సుమారు 129 బీట్లు. 28ని మూడుతో భాగిస్తే సరిగ్గా తెగదు. అందుకని తిశ్రం 9, 9, 10గా పడుతుంది. మన చెవి దాన్ని నిక్షేపంగా తిశ్రమనే వింటుంది. యంత్రానికి ఆ ఒక్క ఫ్రేము తేడాయే పెద్ద తగవు.

ప్రతిధ్వని కోసం అదే రాగాన్ని రెండో ఛానెల్‌లో కొన్ని ఫ్రేములు ఆలస్యంగా, తక్కువ శబ్దంతో వినిపించడం ఆనాటి వారి ఉపాయం. నేను కొన్న కట్టలో ఆ నీడ స్వరాలు కూడా కుడిచేతి వరుసలోకి దూరి, ముప్పై రెండో వంతులై చీమల బారులా నిలబడ్డాయి. ఇంకో పాట అసలు నడక బార్‌కు (అంటే ఒక ఆవర్తనానికి) ఏడు ఎనిమిదో వంతులు, మిశ్రం. దాన్ని 4/4లో, అంటే బార్‌కు ఎనిమిది ఎనిమిదో వంతులుగా రాశారు. మొదటి దెబ్బ బార్ బార్‌కూ పక్కకు జరుగుతూ 56 ఎనిమిదో వంతులు గడిచాక గానీ మళ్లీ గీత దగ్గరికి రాదు. చూసి వాయించేవారు మధ్యలోనే చేతులెత్తేస్తారు.

అమ్మినవారికి పేజీ నంబర్లతో సహా రాశాను. ‘లయను ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు’ అని జవాబు. వివరంగా లెక్క పంపితే, డౌన్‌లోడ్ అయిన సరుకు వాపసు తీసుకోబోమన్నారు. ఆపై మౌనం.

కాబట్టి నమూనా అడిగితే మొదటి పేజీ అడగకండి, మొదటి పేజీ ఎప్పుడూ ముద్దుగానే ఉంటుంది. పాటలో మీకు బాగా తెలిసిన, అన్నిటికన్నా చిక్కైన రెండు బార్లు అడగండి. గేము ధ్వని లేకుండా, ఆ నొటేషన్‌ను మాత్రమే ప్లే చేసిన ఆడియో పంపమనండి. నిజంగా విని రాసినవారికి అది రెండు నిమిషాల పని. నాకైతే ఈ ఒక్కటి చాలు, పంపకపోతే కొనను. ‘ఈ చోటు తిశ్రమని ఎలా తేల్చారు?’ అని కూడా అడగండి. చెవి పెట్టినవారు సగం వేగంలో విన్నామనో, ఛానెళ్లను విడివిడిగా విన్నామనో చెబుతారు, ఆపమన్నా ఆపరు. విని రాసేవారికి కూడా తప్పులు దొర్లుతాయి, అది వేరే సంగతి. వాళ్ల తప్పులు ఒకే అచ్చులో పోసినట్లు ఉండవు.

అదే కట్ట నిన్న ముఖచిత్రం మార్చుకుని మళ్లీ అమ్మకానికి వచ్చింది. వీడియో మాత్రం పాతదే. రెండో పాట దగ్గర ఆపి, ధ్వని తీసేసి చూడండి. తిశ్రం ఉండాల్సిన చోట పొట్టి, పొడుగు, పొట్టి ఇంకా అలాగే ఉన్నాయి.