స్క్రాబుల్ పెట్టె ఇంగ్లీషు క్లాసులో ఎంతవరకు పనికొస్తుంది?

ఆటలతో ఇంగ్లీషు నేర్పుదామనుకున్న టీచరుకైనా, ట్యూషన్ సెంటరుకైనా మొదట గుర్తొచ్చేది స్క్రాబులే, అంటే అక్షరాల బిళ్లలను గడుల బోర్డు మీద పేర్చి ఇంగ్లీషు మాటలు కట్టే ఆట. పేరున్న ఆట, పెట్టె చూడ్డానికి బాగుంటుంది, తల్లిదండ్రులు కూడా 'చదువుకు సంబంధించినదే' అని ఒప్పుకుంటారు. ఈ రివ్యూ ఇంట్లో ఇంగ్లీషు వినపడని, ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్న పిల్లల కోసం. కొలత ఒక్కటే: పది నిమిషాల ఆటలో ఒక్కొక్కరి నోటి నుంచి ఎన్ని పూర్తి ఇంగ్లీషు వాక్యాలు వచ్చాయి? ఆ కొలతతో చూస్తే పెట్టెలో ఉన్న రూల్సు ప్రకారం ఆడే స్క్రాబుల్‌కి స్పెల్లింగులో 5కి 4, మాట్లాడడంలో 5కి 1. రూల్సు మారిస్తే ఆ 1 కాస్తా 3 అవుతుంది. అంతకు మించి లాగలేం.

పెట్టెలో 15 వరసలు, 15 నిలువులతో 225 గడుల బోర్డు, 100 బిళ్లలు, వాటిని నిలబెట్టుకోవడానికి నాలుగు ర్యాకులు, ఒక సంచి ఉంటాయి. ఇద్దరి నుంచి నలుగురు దాకా ఆడొచ్చు. ఒక్కొక్కరి దగ్గర ఎప్పుడూ ఏడు బిళ్లలు. వందలో రెండు ఏ అక్షరంగానైనా వాడుకునే ఖాళీ బిళ్లలు, మిగతా 98 అక్షరాలు. 'ఈ' 12 ఉంటాయి. 'క్యూ', 'జెడ్', 'ఎక్స్', 'జే', 'కే' ఒక్కొక్కటే. ఈ లెక్క ఊరికే పుట్టింది కాదు. అమెరికాలో 1930లలో ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే ఆర్కిటెక్టు వార్తాపత్రికల్లో ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టి దీన్ని తయారుచేశాడు. స్క్రాబుల్ అన్న పేరు 1948లో వచ్చింది. అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పెట్టె మీద కంపెనీ పేరు హాస్‌బ్రో అని ఉంటే, ఇక్కడ కొన్నదాని మీద మ్యాటెల్ అని ఉంటుంది. రెండింటిలోనూ ఇంగ్లీషు అక్షరాల లెక్క ఒకటే కాబట్టి కంగారు పడక్కర్లేదు.

అసలు చిక్కు ఏమిటంటే, ఇది ఇంగ్లీషు ముందే వచ్చినవాళ్లు ఆడుకోవడానికి పుట్టిన ఆట. పాయింట్ల పద్ధతి చూడండి. ప్రతి అక్షరం బిళ్ల మీదా దాని పాయింట్ల అంకె ఉంటుంది, అరుదైన అక్షరానికి ఎక్కువ. 'మదర్' అనే ఆరక్షరాల మాటకు 11 పాయింట్లు. 'క్యూ', 'ఐ' అనే రెండు బిళ్లలు పక్కపక్కన పెడితే, చైనావాళ్లు ప్రాణశక్తికి వాడే 'చీ' అనే మాట అయి, దానికీ 11 పాయింట్లే. 'వాటర్'కి ఎనిమిదే. తెలివైన పిల్లలు రెండో వారానికల్లా ఇది కనిపెట్టేస్తారు. ఎక్కడో దొరికిన రెండక్షరాల మాటల పట్టీ బట్టీ పట్టి, అర్థం తెలియకుండానే గెలుస్తుంటారు. పక్కవాళ్లు 'అది ఇంగ్లీషేనా?' అని గొడవ. పోటీ ఆటగాళ్లకు అది నైపుణ్యం, మన క్లాసుకు మాత్రం శుద్ధ దండగ.

రెండో చిక్కు రంగు గడులు. మాట విలువను మూడు రెట్లు చేసేవి 8, రెండు రెట్లు చేసేవి 17, అక్షరం విలువను మూడు రెట్లు చేసేవి 12, రెండు రెట్లు చేసేవి 24. మొత్తం 61. అక్కడ పిల్లలు చేసేది ఇంగ్లీషు కాదు, ఎక్కం. పైగా ఆ లెక్కంతా తెలుగులోనే చేస్తారు. మొదటి నెల రంగు గడులను లేనట్టే చూడండి.

మూడోది సమయం. నలుగురు ఆడుతూ ఒక్కో వంతుకు రెండు నిమిషాలు తీసుకుంటే 40 నిమిషాల పీరియడ్‌లో ఒక్కొక్కరికి ఐదు వంతులు. అంటే ఐదు మాటలు. మిగతా అరగంట తన బిళ్లలు చూసుకుంటూ మౌనంగా కూర్చోవడమే. భాష నేర్పే ఆటలో మౌనం ఇంత ఉండకూడదు.

ఇక మార్చాల్సిన రూల్సు. ముందు బిళ్లలు సగం చేయండి. వందలో అచ్చులు 42 ఉంటాయి కాబట్టి 50లో 21 ఉంచితే పాళ్లు చెడవు: 'ఈ' 6, 'ఏ' 5, 'ఐ' 4, 'ఓ' 4, 'యూ' 2. హల్లుల్లో 'టీ' 4, 'ఎన్', 'ఆర్', 'ఎస్' మూడేసి, 'ఎల్', 'డీ' రెండేసి. 'జీ', 'బీ', 'సీ', 'ఎం', 'పీ', 'హెచ్', 'ఎఫ్', 'డబ్ల్యూ', 'వై', 'కే' ఒక్కొక్కటి. ఖాళీ బిళ్లలు రెండూ ఇందులోనే. ఆట 25 నిమిషాల్లో తేలిపోతుంది. మిగిలిన 50లో 'క్యూ', 'జెడ్', 'ఎక్స్', 'జే', రెండు 'వీ'లు ఉంటాయి కనుక వాటిని పెద్ద తరగతికి ఇవ్వండి. బోర్డు లేకపోయినా గడుల కాగితం మీద ఆడేస్తారు.

'ఎస్' మూడు ఉంచమన్నది కావాలనే. అసలు పెట్టెలో 'ఎస్'లు నాలుగే, ఎందుకంటే ప్రతి మాటకూ చివర తగిలించి తేలిగ్గా పాయింట్లు కొట్టేయొచ్చు. కానీ మన పిల్లలకు కావలసింది ఆ తగిలించడమే. 'షీ ప్లే' అనే నోటితో 'షీ ప్లేస్' అనిపించడానికి బోర్డు మీద 'ప్లే' పక్కన 'ఎస్' పెట్టించడం కంటే మంచి మార్గం లేదు. ఇక్కడ తెలుగు సాయం తీసుకోండి. మన క్రియ కూడా మనిషిని బట్టి మారుతుంది: నేను ఆడతాను, ఆమె ఆడుతుంది. అది గుర్తు చేస్తే 'ఎస్' ఎందుకొచ్చిందో మళ్లీ వివరించక్కర్లేదు. అలాగే 'వాక్' పక్కన 'ఈ', 'డీ' పెట్టినవాళ్లు 'యెస్టర్‌డే'తో మొదలయ్యే వాక్యం చెప్పాలి. ఉన్న మాటను పొడిగిస్తే మొత్తం మాట పాయింట్లూ వస్తాయన్నది ఆటలో ముందు నుంచీ ఉన్న రూలే. వ్యాకరణానికి స్క్రాబుల్ ఇచ్చే అతి పెద్ద సాయం ఇది. ఆశ్చర్యంగా దీన్ని వాడేవాళ్లు తక్కువ.

పాయింట్ల రూలు ఇలా మార్చండి. బిళ్ల మీద అంకె వదిలేసి అక్షరానికి ఒక పాయింటు. మాట పెట్టి ఊరుకుంటే అంతే. దానితో వాక్యం చెబితే రెట్టింపు. తర్వాతి వంతువాళ్లు ఆ వాక్యం మీద ఒక ప్రశ్న వేస్తే వాళ్లకు మూడు, జవాబు చెప్పినవాళ్లకు ఇంకో రెండు. 'ఐ సా ఎ డాగ్' అంటే 'వేర్ డిడ్ యూ సీ ఇట్?' అని రావాలి. రెండక్షరాల మాటలకు అర్థం తెలుగులో చెప్పగలిగితేనే చెల్లు. తప్పు మాట పెడితే వంతు పోవడమనే శిక్ష ఎత్తేసి, పెట్టకముందే డిక్షనరీ చూసుకోనివ్వండి. లేకపోతే భయంతో అందరూ 'క్యాట్', 'డాగ్' దగ్గరే ఆగిపోతారు.

ఈ రూల్సులోనూ పిల్లలు సందు వెతుకుతారు. 'ఐ లైక్ వాటర్', 'ఐ లైక్ చైర్', 'ఐ లైక్ రోడ్' అంటూ ఒకే అచ్చులో పోస్తారు. అందుకని వాక్యం మొదటి రెండు మాటలు నల్లబల్ల మీద రాసి పెట్టండి. ఒకసారి వాడింది ఆ ఆటలో మళ్లీ వాడకూడదు. ఐదో వంతుకు వాళ్ల బుర్రలు పనిచేయడం ముఖాల్లోనే తెలుస్తుంది.

టీచరుకు ఈ ఆట ఒక రకంగా ఎక్స్‌రే లాంటిది. ర్యాకు మీద బిళ్లలు ఎలా పేరుస్తున్నారో చూస్తే చాలు, తప్పు ఎక్కడుందో దొరికిపోతుంది. తెలుగులో రాసినట్టే చదువుతాం కనుక విన్నది విన్నట్టు పేరుస్తారు. 'నైఫ్' మొదట్లో 'కే' ఉండదు. తెలుగు మాటలు దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి 'బస్' కాస్తా 'బస్సు' అయి, రెండో 'ఎస్' కోసం, చివర 'యూ' కోసం సంచి తడుముతారు. 'వీ', 'డబ్ల్యూ' తారుమారు. 'జెడ్' చోట 'జే'. ఇవి రెడ్ ఇంకుతో కొట్టేసే తప్పులు కావు. బిళ్ల తీసి ఇంకో బిళ్ల పెడితే పోతాయి, అందుకే నోట్సులో కంటే ఇక్కడ పిల్లలు వెనుకాడరు. అయితే ఉచ్చారణ విషయంలో స్క్రాబుల్ ఏ సాయమూ చేయదు. బిళ్ల పెట్టేముందు మాటను చివరి 'ఉ' లేకుండా గట్టిగా పలికించడం టీచరు పనే.

క్లాసులో 40 మంది ఉంటే ఒక్క పెట్టెతో నెట్టుకురావడం కష్టం. ఒక బోర్డుకు నలుగురు కాదు, ఇద్దరేసి చొప్పున నాలుగు జట్లు, అంటే ఎనిమిది మంది. జట్టులో ఒకరు బిళ్లలు పేరిస్తే ఇంకొకరు వాక్యం చెప్పాలి, తర్వాత మారాలి. ఈ లెక్కన ఐదు బోర్డులు కావాలి. అన్నీ కొనక్కర్లేదు. ఇంట్లో పడి ఉన్న పాత శుభలేఖలు తీయండి. అట్ట మందంగా ఉంటుంది, వెనక వైపు తెల్లగా ఉంటుంది. 15 సెంటీమీటర్లు, 20 సెంటీమీటర్ల శుభలేఖను రెండున్నర సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే 48 వస్తాయి. ఒక్క శుభలేఖతో దాదాపు ఒక ఆట తయారు. అక్షరం తెల్లటి వైపే రాయండి. వెనక్కి తిప్పి పరిస్తే రంగురంగుల డిజైను చూసి ఏ బిళ్ల ఏదో గుర్తుపట్టేస్తారు, కాబట్టి గుడ్డ సంచిలోనే వేయండి.

చిన్నపిల్లల కోసం వచ్చే జూనియర్ స్క్రాబుల్ బోర్డు రెండు వైపులా ఉంటుంది. ఒక వైపు మాటలు ముందే అచ్చువేసి ఉంటాయి, పిల్లలు వాటి మీద సరిపోయే అక్షరాలు పరుస్తారు. ఇంగ్లీషు ఇంటి భాష అయిన పిల్లలకు ఆ మాట అర్థం ముందే తెలుసు, అక్షరాలు మాత్రమే కొత్త. మన పిల్లలకు రెండూ కొత్తే. అర్థం తెలియకుండానే ఆట పూర్తిచేసి చప్పట్లు కొట్టేస్తారు. మాట పూర్తిచేసినవాళ్లు దాన్ని సైగతో చూపించాలన్న రూలు పెడితే తప్ప డబ్బు దండగే.

మాట్లాడించడమే ముఖ్యమైతే అదే డబ్బుతో గెస్ హూ కొనడం మేలని మా అభిప్రాయం. ఇద్దరి ముందూ 24 ముఖాలు నిలబడి ఉంటాయి. ఎదుటివాళ్లు దాచుకున్న ముఖం ఎవరిదో అవును, కాదు ప్రశ్నలతో కనుక్కోవాలి. ప్రతి ప్రశ్నకూ సగం ముఖాలు పడిపోయేలా అడిగితే 24 నుంచి 12, 6, 3 అంటూ ఐదు ప్రశ్నల్లోపు దొరికిపోతుంది. ఒక ఆటకు ఐదు నిమిషాలు వేసుకున్నా ఇరవై నిమిషాల్లో ఒక్కొక్కరు ఇరవై దాకా ప్రశ్నలు అడుగుతారు, అన్నే జవాబులు చెబుతారు. స్క్రాబుల్‌లో ఐదు మాటలు వచ్చిన చోట!

పైగా ఆ ప్రశ్నలు సరిగ్గా మనవాళ్లు తడబడే చోటే ఉంటాయి. 'ఆయనకు మీసం ఉందా?' అని మనం ఒక్క 'ఆ'తో ప్రశ్న చేసేస్తాం. ఇంగ్లీషులో 'డజ్ హీ హ్యావ్ ఎ మస్టాష్?' అనాలి. 'ఈజ్ హీ హ్యాజ్ మస్టాష్?' అని వస్తుంది, తప్పకుండా వస్తుంది. 'ఈజ్ హీ బాల్డ్?', 'ఈజ్ షీ వేరింగ్ గ్లాసెస్?', 'డజ్ షీ హ్యావ్ లాంగ్ హెయిర్?' అని మూడు నమూనాలు నల్లబల్ల మీద రాసి ఉంచండి. మీసం, గడ్డం, బట్టతల, టోపీ, కళ్లజోడు, జుట్టు రంగులు కలిపి పది మాటలు ముందే నేర్పాలి. అవి లేకుండా మొదలుపెడితే 'గ్లాసెస్?' అని ఒక్క మాట, ఎదుటివైపు తల ఊపు. అప్పుడు ఆట ఆగకుండా సాగుతుంది, ఇంగ్లీషు మాత్రం ఆగిపోతుంది. పూర్తి ప్రశ్న రాకపోతే 'పార్డన్?' తప్ప ఇంకే జవాబూ ఇవ్వకూడదని రూలు పెట్టండి. ముఖాలు తప్పుగా పడేయడం ఇంకో మామూలు పొరపాటు: 'నో' అన్నప్పుడు మీసం ఉన్నవాళ్లు పడాలి, కంగారులో లేనివాళ్లను పడేస్తారు.

గెస్ హూకీ ఒక హద్దు ఉంది. నాలుగైదు పీరియడ్ల తర్వాత అవే మూడు వాక్యాలు చిలక పలుకులవుతాయి. అప్పుడు ఆదివారం అనుబంధాల్లోని సినిమా తారల ఫొటోలు 24 అంటించుకుని 'డిడ్ షీ...', 'హ్యాజ్ హీ ఎవర్...' ప్రశ్నల్లోకి వెళ్లొచ్చు. క్లాసు గ్రూప్ ఫొటోతో ఆడించాలని కొందరు సలహా ఇస్తారు. రంగు, లావు, ఎత్తు గురించిన ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి, ఒకరిద్దరు పిల్లలు ముడుచుకుపోతారు. వద్దు.

పైసా ఖర్చు లేని అంత్యాక్షరి గురించీ ఒక మాట. చివరి అక్షరంతో కొత్త మాట చెప్పే ఇంగ్లీషు అంత్యాక్షరి బడిలో అందరికీ తెలుసు, కానీ ఇంగ్లీషు మాటల్లో 'ఈ'తో ముగిసేవి మరీ ఎక్కువ. 'ఎగ్', 'ఎలిఫెంట్' అయిపోగానే ఆట ఆగుతుంది. 'ఈ' వస్తే దాని ముందున్న అక్షరం తీసుకోవచ్చని ఒక సడలింపు ఇస్తే సాగుతుంది.

స్క్రాబుల్ కొన్నవాళ్లకు చివరగా ఒక జాగ్రత్త. బిళ్లలు చిన్నవి, బెంచీల కింద దొర్లిపోతాయి. పీరియడ్ గంటకు ఐదు నిమిషాల ముందే ఆట ఆపి, పది పది చొప్పున పది వరసలు (సగం బిళ్లలతో ఆడితే ఐదు) పేర్పించి, పిల్లల చేతే ఇంగ్లీషులో లెక్కపెట్టించండి. 'ఈ' ఒకటి పోయినా ఆట నడుస్తుంది. 'కే' పోతే 'బుక్' రాయలేరు, ఖాళీ బిళ్ల మీద పెన్సిలుతో 'కే' రాసుకోవాల్సిందే.