ఏటీమెగా 4809 ఎస్‌పీఐ బఫర్ మోడ్: పీ10 బోర్డుల మీద కొన్నేళ్లు నడిపాక

కర్నూలులో పీ10 స్క్రోలింగ్ బోర్డులు (ఎల్ఈడీ చుక్కల ప్యానెళ్లతో అక్షరాలు నడిపే బోర్డులు) కట్టి అమ్మడం నా పని. మందుల షాపులు, ఫ్యాన్సీ షాపులు, కల్యాణ మండపాలు నా గిరాకీ. శ్రావణం వస్తే ఉరుకుంద ఈరన్న స్వామి జాతర వైపు నుంచి కూడా ఆర్డర్లు పడతాయి. రెడీమేడ్ కంట్రోల్ కార్డులు వాడకుండా ఆర్డుయినో నానో ఎవ్రీ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మీద సొంత కోడ్ నడుపుతాను. అందులోని చిప్ ఏటీమెగా 4809. దాని ఎస్‌పీఐలో, అంటే చిప్ నుంచి ప్యానెళ్లకు బిట్లను వరుసగా పంపే భాగంలో, ఉన్న బఫర్ మోడ్ గురించే ఈ సమీక్ష. చాలామంది దాన్ని ఆన్ కూడా చేయరు. ఆర్డుయినో లైబ్రరీ ఒక బైట్ రాసి, అది పూర్తిగా వెళ్లే దాకా ఆగి, తర్వాతి బైట్ అందుకుంటుంది. బోర్డు చిన్నదైతే అదే చాలు.

నాకు చాలలేదు. పీ10 ప్యానెల్‌లో 32 అడ్డం, 16 నిలువు, మొత్తం 512 చుక్కలు. వాటిని నాలుగు వంతులుగా స్కాన్ చేస్తాం, అంటే ఒక్కోసారి నాలుగో వంతు చుక్కలనే వెలిగిస్తూ తిప్పుతాం, కాబట్టి ఒక్కో స్కాన్‌కు ప్యానెల్‌కు 16 బైట్లు. పన్నెండు ప్యానెళ్ల బోర్డుకు 192 బైట్లు. స్కాన్‌కు 5 మిల్లీసెకన్లు ఇస్తే కంటికి పర్వాలేదు గానీ, ఎవరైనా ఫోన్‌తో వీడియో తీస్తే బోర్డు నిండా నల్ల గీతలు. ఇప్పుడు ప్రతి షాపువాడూ బోర్డు పెట్టిన రోజే వీడియో తీసి స్టేటస్ పెడతాడు, సాయంత్రానికి నాకు ఫోన్ వస్తుంది. అందుకని స్కాన్‌ను ఒక మిల్లీసెకనుకు దించాను.

అక్కడి నుంచి లెక్క బిగుసుకుంటుంది. చిప్ క్లాక్ 16 మెగాహెర్ట్జ్, ఎస్‌పీఐ 4 మెగాహెర్ట్జ్. ఒక బైట్ వెళ్లడానికి 32 క్లాకులు. మామూలు మోడ్‌లో బైట్ అయిపోయిందని జెండా (చిప్ స్థితి చెప్పే బిట్) చూసుకుని, తర్వాతిది మెమరీ నుంచి తెచ్చి, సున్నాలను ఒకట్లుగా, ఒకట్లను సున్నాలుగా తిప్పి రాసే లోపు మరో పది పన్నెండు క్లాకులు లైన్ ఖాళీగా ఉంటుంది. తిప్పి రాయడం ఎందుకంటే పీ10లో సున్నా పంపితేనే చుక్క వెలుగుతుంది. 192 బైట్లకు ఆ ఖాళీలన్నీ కలిపితే స్కాన్‌కు 520 మైక్రోసెకన్లు దాటుతుంది. ఉన్న మిల్లీసెకనులో సగం దానికే పోతే తెలుగు అక్షరాలను స్క్రోల్ చేసే కోడ్‌కు ఊపిరాడదు. 16 వరుసల్లోనే గుడి దీర్ఘం పైన, ఒత్తు కింద ఇరికించాలి కాబట్టి మా ఫాంట్ పని ఇంగ్లిష్ బోర్డుల కంటే బరువు.

బఫర్ మోడ్ పెట్టాక ఆ 520 కాస్తా 384 మైక్రోసెకన్ల దగ్గరికి వచ్చింది. అంటే వరుసగా 32 క్లాకుల చొప్పున, మధ్యలో ఖాళీ లేదు. కంట్రోల్ బీ రిజిస్టర్‌లో బఫెన్ బిట్ ఒకటి పెడితే, బిట్లను ఒక్కొక్కటిగా బయటికి తోసే షిఫ్ట్ రిజిస్టర్ ముందు ఒక బైట్ పట్టే ట్రాన్స్‌మిట్ బఫర్ తెరుచుకుంటుంది. ఒక చేత్తో తిరగలి తిప్పుతూ ఇంకో చేత్తో గింజలు పోసినట్టు, ఈ బైట్ వెళ్తుండగానే తర్వాతిది రాసిపెట్టొచ్చు. డీఆర్ఈఐఎఫ్ జెండా లేచిందంటే బఫర్ ఖాళీ, రాయొచ్చు. ఒక్క బైట్ బఫర్ ఏం సరిపోతుందని మొదట నాకూ అనుమానమే. ఆ 32 క్లాకుల్లో తర్వాతి బైట్ సిద్ధం చేయగలిగితే ఎనిమిది బైట్ల బఫర్ ఉన్నా ఇంతకంటే వేగం రాదు.

ఇందులో అసలు మెలిక లాచ్ దగ్గర, అంటే పంపిన బిట్లను చుక్కల మీదికి ఎక్కించమని ప్యానెల్‌కు ఇచ్చే సంకేతం దగ్గర ఉంది. డీఆర్ఈఐఎఫ్ చూసి లాచ్ కొట్టే కోడ్‌లు తరచూ నా దగ్గరికి రిపేరుకు వస్తాయి. బఫర్ ఖాళీ అయినంత మాత్రాన పంపడం అయిపోయినట్టు కాదు, చివరి బైట్ ఇంకా షిఫ్ట్ రిజిస్టర్‌లోంచి వెళ్తూనే ఉంటుంది. అప్పుడు లాచ్ కొడితే కొన్ని బిట్లు తగ్గి, ఒక వరుస చుక్కలు ఇంకో వరుసలో పడి అక్షరాలు విరిగిపోతాయి. ఓనరు ప్యానెల్ పోయిందంటాడు, మెకానిక్ రిబ్బన్ కేబుల్ మారుస్తాడు. ఆగాల్సింది పంపడం పూర్తయిందని చెప్పే టీఎక్స్‌సీఐఎఫ్ జెండా కోసం. అది కూడా చివరి బైట్ రాసిన వెంటనే ఒకసారి చెరిపేసి, ఆ తర్వాత ఆగాలి. ఎందుకంటే మధ్యలో ఎక్కడైనా బైట్ అందించడం ఆలస్యమైతే ఆ జెండా అప్పుడే లేచి కూర్చుని ఉంటుంది. డేటాషీట్ ఈ జెండాల గురించి చెప్తుంది గానీ ఈ వరుస మాత్రం మనమే తేల్చుకోవాలి.

ఇంటరప్ట్‌తో, అంటే ఒక్కో బైట్‌కు నడుస్తున్న కోడ్‌ను ఆపి, బైట్లు పంపే ఆలోచన ఉంటే మానుకోండి. 8 మెగాహెర్ట్జ్‌కు పెంచితే బైట్‌కు 16 క్లాకులే, ఇంటరప్ట్‌లోకి పోయి రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. 4809లో డీఎమ్ఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా తరలించే ఏర్పాటు) లేదు. నేను టైమర్ ఇంటరప్ట్‌లో కూర్చుని జెండా చూస్తూ మొత్తం వరుస తోసేస్తాను.

చదివే వైపు కూడా ఒక చికాకు ఉంది. రిసీవ్ బఫర్ రెండు బైట్లు. బోర్డుకు పంపేటప్పుడు ఏదీ చదవం కాబట్టి అది నిండి, బఫర్ పొంగిందని చెప్పే బఫ్‌ఓవీఎఫ్ జెండా లేస్తుంది. దానివల్ల నష్టమేమీ లేదు. కానీ అదే బస్ మీద మెసేజీలు దాచే 25ఎల్‌సీ256 ఈఈప్రామ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ చిప్) పెట్టాను. చదివే ముందు పాత బైట్లను ఊడ్చేయకపోతే మెసేజ్ మొదట్లో చెత్త వస్తుంది. చదవాల్సిన బైట్ ఉందని చెప్పే ఆర్ఎక్స్‌సీఐఎఫ్ జెండా దిగే దాకా డేటా రిజిస్టర్ చదివేస్తే సరి. ఎస్ఎస్‌డీ బిట్ కూడా ఒకటి పెట్టుకోండి, లేకపోతే ఎస్ఎస్ (స్లేవ్ సెలెక్ట్) పిన్ సున్నాకు జారినప్పుడు చిప్ బస్‌ను నడిపే మాస్టర్ పదవి వదిలేస్తుంది.

ఇంతకుముందు ఏటీమెగా 328పీ చిప్ ఉన్న ఆర్డుయినో ఊనో వాడేవాణ్ణి. ఆ చిప్ ఎస్‌పీఐలో పంపే వైపు బఫరే లేదు, బైట్ వెళ్తుండగా రాస్తే రైట్ కొలిజన్, అంటే రాసింది పోతుంది. దాని యూసార్ట్‌ను (సీరియల్ పోర్టును) ఎస్‌పీఐ మాస్టర్‌గా పెడితే బఫర్ దొరుకుతుంది గానీ డేటా సీరియల్ టీఎక్స్ పిన్ మీదే వస్తుంది. ప్రోగ్రామ్ ఎక్కించిన ప్రతిసారీ వైరు పీకడం నా వల్ల కాలేదు. పైగా 2 కేబీ ర్యామ్‌లో పన్నెండు ప్యానెళ్లకు రెండు ఫ్రేములు పెడితే 1536 బైట్లు పోయి మిగిలేది కొంచెమే. 4809లో 6 కేబీ.

ఆర్‌పీ2040 చిప్ తీసుకోవచ్చు కదా అంటారు. దాని ఎస్‌పీఐకి ఎనిమిది లోతు ఫిఫో (వరుస బఫర్), డీఎమ్ఏ రెండూ ఉన్నాయి, కాదనను. కానీ అది 3.3 వోల్టులది. ప్యానెల్ ముందుండే 74హెచ్‌సీ245 చిప్‌కు, 5 వోల్టుల సరఫరాలో, సిగ్నల్‌ను ఒకటిగా గుర్తించడానికి 3.5 వోల్టుల దాకా కావాలి. మే నెల ఎండలో, పొడవాటి కేబుల్ చివర ఆ తేడా చుక్కల రూపంలో కనిపిస్తుంది. మధ్యలో లెవల్ షిఫ్టర్ పెట్టాలి, అంటే ఇంకో బోర్డు, ఇంకో టంకం. పదహారు ప్యానెళ్లు దాటిన బోర్డులకు మాత్రం అలాగే చేస్తున్నాను, ఆ లోపు వాటికి 4809నే పెడుతున్నాను.