గేటుకు తుప్పు మందు: మూడు వానాకాలాలు వాడి చూశాక

హనుమకొండలో మా ఇంటి గేటు చదరపు పైపులతో చేసింది. 2022 మే నెలలో చూస్తే సగం జంగు పట్టి ఉంది. హార్డ్‌వేర్ షాపులో లీటరు డబ్బా తుప్పు మందు కొన్నాను. ఫాస్ఫారిక్ ఆమ్లం రకం. తుప్పును అది ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది, దాని మీద రంగు బాగా పట్టుకుంటుంది. టానిక్ ఆమ్లం రకం కూడా దొరుకుతుంది. అది పూస్తే నీలి నలుపు వస్తుంది. వెనకటి రోజుల్లో కరక్కాయ, అన్నభేది (ఒక ఇనుప లవణం) కలిపి సిరా చేసేవాళ్లు కదా, అదే సూత్రం.

గేటు పై భాగం వరకు నాకు ఏ ఫిర్యాదూ లేదు. వైర్ బ్రష్‌తో గీకి మందు పూస్తే ఎర్రటిది కాసేపటికే నల్లబడింది. మర్నాడు ప్రైమర్, ఆపైన రెండు కోట్లు ఎనామిల్ వేశాను. ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పెచ్చులుగా లేచిన చోట మాత్రం బద్ధకించి సరిగా గీకలేదు. అక్కడ మందు పైపైనే ఎండిపోయింది, ఆరు నెలలకే రంగు ఊడింది. తప్పు నాదే.

కింద గోనెసంచి పరవకపోవడం ఇంకో తప్పు. షాబాదు బండలు సున్నపురాయి కాబట్టి చుక్క పడ్డ చోటల్లా బుస్సున పొంగి తెల్ల మచ్చలు పడ్డాయి. ఇంట్లో ఆ మాట ఇప్పటికీ వస్తుంది.

అసలు తలనొప్పి గేటు అడుగు పైపుతో. మొదటి వానాకాలం పోయేసరికి రంగు బుడగలు లేచింది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే రంగును లోపలి నుంచి తోస్తుంది. మళ్లీ గీకి, మళ్లీ పూశాను. రెండో ఏడూ అదే కథ. మందే నకిలీదేమోనని షాపువాడిని తిట్టుకున్నాను. చివరికి వెల్డింగ్ చేసే ఆయన వచ్చి సుత్తితో పైపు మీద కొట్టి, "పైన పూస్తే ఏం ఫాయిదా సార్, నీళ్లన్నీ లోపల్నే నిలుస్తున్నయ్" అన్నాడు. నిలువు పైపుల పై మూతులు తెరిచే ఉన్నాయి, వాన నీళ్లు దిగి అడుగున ఆగుతున్నాయి. కుళ్లిన ముక్క కోసి కొత్తది అతికించి, పై మూతులు మూసి, అడుగున మూడు బెజ్జాలు వేశాడు. మందుకు పెట్టిన దానికన్నా ఖర్చు ఎక్కువే అయింది, కానీ 2024 వానలకు అక్కడ ఒక్క బుడగ రాలేదు.

జింకు పూత ఉన్న రేకులకు ఈ మందు వద్దు, పూతనే తినేస్తుంది. చిన్న నట్లు, బోల్టులకైతే వెనిగర్‌లో రాత్రంతా నానబెడితే చాలు. తీశాక వంటసోడా నీళ్లలో కడిగి వెంటనే ఆరబెట్టి నూనె రాయాలి, లేకుంటే గంటలోనే మళ్లీ ఎర్రబడతాయి.

డబ్బాలో ఇంకా పావు వంతు ఉంది, కిటికీ గ్రిల్స్‌కు వాడతాను. గేటు అడుగుకు మాత్రం పెద్ద వాన పడ్డప్పుడల్లా బెజ్జాల్లోంచి నీళ్లు కారుతున్నాయో లేదో చూసి, మట్టి అడ్డుపడితే సైకిల్ పుల్లతో పొడుస్తున్నాను.