మెదడు అనాటమీ: ముందు వీడియోనా, ముందు డిసెక్షన్ హాలా?

న్యూరో అనాటమీ, అంటే మెదడు, నరాల నిర్మాణం చెప్పే సబ్జెక్టు, దాని మీద వైద్య విద్యార్థులకు ఉండే భయానికి 1994లోనే రాల్ఫ్ జోజెఫోవిచ్ అనే న్యూరాలజిస్టు న్యూరోఫోబియా అని పేరు పెట్టాడు. దానికి మందుగా ఇప్పుడందరూ బ్లెండెడ్ టీచింగ్ అంటున్నారు, అంటే వీడియోలు, యాప్‌లు, డిసెక్షన్ హాల్లో (శవాల్ని కోసి నేర్చుకునే చోట) అసలు మెదడు, అన్నీ కలిపి చెప్పడం. సరే, కలుపుదాం, కానీ ఏది ముందు, ఏది తర్వాత?

నా ఓటు ముందు వీడియోకే. ఒకసారి క్రమం తిరగేసి చూశాను, వీడియో లేకుండా నేరుగా హాల్లోకి తీసుకెళ్తే అరగంటసేపు "ఇదేంటి సార్, అదేంటి సార్" తప్ప ఇంకో మాట లేదు. పేర్లు తెలియనివాళ్ళకి ఫార్మలిన్‌లో (కుళ్ళకుండా ఉంచే ద్రవంలో) ఉంచిన మెదడు అంతా ఒకటే రంగు ముద్ద. అలాగని గంట లెక్చర్ రికార్డు చేసి పంపితే ఎవరూ చూడరు. పది నిమిషాలు, చివర్లో మూడు ప్రశ్నలు, చాలు.

కానీ వీడియో అబద్ధం కూడా చెబుతుంది. 12 కపాల నాడుల్లో బ్రెయిన్ స్టెమ్ (మెదడుని వెన్నుపాముతో కలిపే కాండం) వెనకవైపు నుంచి వచ్చేది ట్రోక్లియర్ అనే నాడి ఒక్కటే. బొమ్మలో పచ్చగా, లావుగా మెరుస్తుంది. చేతిలోని మెదడులో అది దారపు పోగంత ఉంటుంది, చాలాసార్లు మెదడుని బయటికి తీసేటప్పుడే తెగిపోయి ఉంటుంది.

త్రీడీ యాపా, అసలు మెదడా అంటే మాత్రం ఒకే జవాబు లేదు. వెంట్రికల్ అంటే మెదడు లోపలి ఖాళీ జాగా, దాన్ని చేత్తో ఎలా పట్టుకుంటాం? మెదడు లోపల ఉండే కాడేట్ న్యూక్లియస్ అనే భాగం ఇంగ్లీషు సీ అక్షరంలా వంపు తిరుగుతుంది కాబట్టి చెవి నుంచి చెవికి నిలువుగా కోసిన ముక్కలో పైన ఒకచోట, కింద ఒకచోట కనబడుతుంది, పిల్లలు అవి రెండు వేర్వేరు అనుకుంటారు. యాప్‌లో ఒక్కసారి తిప్పితే అర్థమైపోతుంది. ఫైబర్లకి (మెదడులోని నరాల పోగులకి) మాత్రం క్లింగ్లర్ పద్ధతే: ఫార్మలిన్ పట్టిన మెదడుని గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు పోగుల్ని విడదీస్తాయి, ఆ తర్వాత చెక్క పుల్లతో పొరలుగా ఒలవొచ్చు. ఆ అనుభవం ఏ స్క్రీనూ ఇవ్వదు.

ట్రాక్టుల (మెదడుకీ ఒంటికీ మధ్య కబుర్లు మోసే నరాల దారుల) దగ్గరికొచ్చేసరికి రెండూ ఓడిపోతాయి, గెలిచేది తెల్లకాగితం, రంగు పెన్సిళ్ళు. మెడుల్లాలో (బ్రెయిన్ స్టెమ్ అడుగు భాగంలో) ఒక పక్క దెబ్బతిన్న రోగికి ముఖంలో అదే వైపు, ఒంట్లో అవతలి వైపు నొప్పి తెలియదు. ఎందుకని? ఒంటి నుంచి వచ్చే దారి వెన్నుపాములోనే అటు దాటేసింది, ముఖం దారి ఇంకా దాటలేదు. నేను చెబితే తలూపి మర్చిపోతారు, గీతలు తామే గీసుకుంటే గుర్తుంటుంది. లెక్చర్ తగ్గించి మిగిల్చిన టైమంతా నేను ఈ గీతలకే ఇస్తాను.