సర్జన్‌కు వంక పెట్టలేం, నర్సింగ్ స్టేషన్‌తోనే టెన్షన్

మా అత్తమ్మకు గాల్ బ్లాడర్‌లో రాళ్లుంటే నల్లగొండలో ఒక ప్రైవేట్ ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించాం. పేరు రాయను, రాస్తే ముందుగా దెబ్బ పడేది అక్కడి చిన్న సిస్టర్లకే. సర్జన్‌కు వంక పెట్టడానికి లేదు, గది శుభ్రంగా ఉంది, బిల్లు ముందు చెప్పినంతే వేశారు.

నా బాధంతా నర్సింగ్ స్టేషన్ గురించి. అత్తమ్మకు షుగర్ ఉంది. రాత్రి ఇన్సులిన్ వేయడానికి వచ్చిన కొత్త సిస్టర్ కేస్‌షీట్ చూసి ఆగిపోయింది. యూనిట్లు అని పూర్తిగా రాయకుండా 4 పక్కన ఇంగ్లిష్ 'యు' గీకారు, అది అచ్చం సున్నాలా ఉంది. నాలుగా, నలభయ్యా? అడిగితే సీనియర్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, వార్డంతా వినేటట్టు, "గిది కూడా తెల్వదా? ఏ కాలేజీల చదివినవ్, పైసలు కట్టి పాసైనవా?" అంది. పక్కనున్న ఇద్దరు కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ సూది మాత్రం వేయలేదు, కిందికి పోయి డ్యూటీ డాక్టర్‌ను అడిగొచ్చింది. నాలుగే! నలభై వేసుంటే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది.

ఈ 'యు' గొడవ కొత్తదేం కాదు. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ అలా రాయొద్దని 2004లోనే జాబితాలో పెట్టింది, సిబ్బంది ఒకరినొకరు కించపరుచుకుంటే వైద్యంలో తప్పులు జరుగుతాయని 2008లో హెచ్చరించింది కూడా. ఇక్కడేమో గీకిన డాక్టర్‌ను ఎవరూ ఏమీ అనరు, అడిగిన పిల్లనే అంటారు. మర్నాటి నుంచి ఆమె ఆ సీనియర్‌ను ఏదీ అడగడం నేను చూడలేదు, నాకు అసలు భయం అక్కడే పట్టుకుంది.

సీనియర్లనే అని ఏం లాభం, రాత్రిపూట అంత పెద్ద వార్డుకు ముగ్గురే ఉంటారు. వాళ్లూ ఒకప్పుడు ఇట్లనే తిట్లు పడ్డవాళ్లేనని వార్డులో పనిచేసే ఆయా చెప్పింది, ఒకనాటి కోడలే ఇంకోనాటి అత్త అన్నట్టు. (మా అత్తమ్మ పక్కనే ఉండి నవ్వింది.) పండగ రోజు నైట్ డ్యూటీలు కూడా కొత్తవాళ్లకేనట.

డిశ్చార్జ్ అప్పుడు కౌంటర్‌లో చెప్తే, "మీ పేషెంట్‌కు ఏం కాలేదు కదా మేడమ్, అది స్టాఫ్ విషయం" అన్నారు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో నర్సింగ్‌కు ఉన్నది ఒక్కటే గడి, అందులో ఏమని టిక్ పెట్టాలి?

మూడు స్టార్లు ఇస్తున్నా. ఆపరేషన్‌కైతే వెళ్లొచ్చు. షుగర్ పేషెంట్ అయితే మాత్రం సూది వేసేముందు ఎన్ని యూనిట్లో మీరే నోరు తెరిచి అడగండి, బిల్లు కట్టేవాళ్లను ఎవరూ తిట్టరు.