చెక్క లేత్ కొనేవాళ్లూ, స్టాండ్ చూడకుండా డబ్బు పంపకండి

కోపం తగ్గకముందే రాస్తున్నాను, తప్పులుంటే క్షమించండి. పాత లేత్‌లు (చెక్కని గిర్రున తిప్పుతుంటే ఉలితో గుండ్రంగా చెక్కుకునే మిషన్లు) బాగుచేసి స్టాండ్‌తో సహా అమ్ముతాడే, ఆయన గురించే. పేరు చెప్పకపోయినా మనలో చాలామందికి తెలుసు.

నాకు కావలసింది ఒక్కటే. ఇంట్లో చెక్క గిన్నెలు చేసుకోవడానికి కదలకుండా నిలబడే లేత్. నడుం నొప్పి ఉంది కాబట్టి ఎత్తు గురించి మూడుసార్లు అడిగాను. స్పిండిల్, అంటే చెక్కని తిప్పే ఇరుసు, మోచేతి ఎత్తులో ఉంటేనే వంగకుండా పని చేయగలం. నా మోచెయ్యి నేల నుంచి 42 అంగుళాలని కొలిచి మరీ పంపాను. "సరిగ్గా సరిపోతుంది సార్. స్టాండ్ కూడా పోత ఇనుమే సార్, ఏనుగులా నిలబడుతుంది సార్" అని మెసేజ్ పెట్టాడు. మొత్తం డబ్బు ముందే పంపేశాను.

వచ్చింది రేకు మడిచి చేసిన స్టాండ్. స్పిండిల్ ఎత్తు 36 అంగుళాలు.

సరే, కాళ్ల కింద దిమ్మలు వేసుకుందాంలే అనుకున్నాను. ముందు ఒకసారి చూద్దామని 10 అంగుళాల మొద్దు ఎక్కించి, ఉన్నవాటిలో తక్కువ వేగం పెట్టి ఆన్ చేశాను. మిషన్ గడగడలాడుతూ గోడ దగ్గర్నుంచి నా మీదకి జరిగింది! స్విచ్ ఆపేసరికి చేతులు వణికాయి. తర్వాత మిషన్ మీది ప్లేటు చూస్తే వేగం నిమిషానికి 750 చుట్ల నుంచి మొదలు. నాకు చెప్పింది 250. ఇంకా గుండ్రంగా చెయ్యని మొద్దుని అంత వేగంతో తిప్పితే ఊడి ముఖానికే తగలొచ్చు.

నా తప్పేమోనని చెక్క తీసేసి ఖాళీగా తిప్పాను. అప్పుడూ వణుకే. చెక్కని తిప్పే వైపున్న హెడ్‌స్టాక్ మొన దగ్గరికి, అవతలి చివర పట్టుకునే టెయిల్‌స్టాక్ మొన జరిపితే రెండూ కలవలేదు, 2 మిల్లీమీటర్లు పక్కకున్నాయి. అంతా వీడియో తీసి పంపి ఫోన్ చేశాను.

"ఎవరూ?" అన్నాడు. రోజుకి నాలుగుసార్లు మాట్లాడినవాడు. పేరు చెప్పాను. "చెక్క ఎక్కించడం నీకు రాకపోతే నేనేం చెయ్యనయ్యా? నేర్చుకుని కొనాల్సింది" అన్నాడు. డబ్బు చేతిలో పడేదాకా సార్, పడ్డాక నువ్వు. ఖాళీగా తిప్పినా ఊగుతోందండీ, వీడియో చూడండి అన్నాను. "రేకు స్టాండని చెప్పే ఇచ్చాను" అన్నాడు. పోత ఇనుము అన్న మెసేజ్ చదివి వినిపిస్తుంటే మధ్యలోనే పెట్టేశాడు. ఆ తర్వాత నా నంబర్ బ్లాక్. డబ్బు కంటే ఆ "ఎవరూ?" అన్న మాటే ఇంకా చెవిలో ఉంది.

నాదీ తప్పుంది. ఆయన పంపిన ఫొటోలన్నీ బెడ్ (స్టాండ్ మీద కూర్చునే పొడవాటి దిమ్మ) వరకే ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ కాళ్లు కనపడలేదు. చూసి కూడా అడగలేదు.

కొనేముందు స్వయంగా వెళ్లి ఖాళీగా తిప్పించండి, మొనలు కలుపుకుని చూడండి, ఎత్తు మీ టేపుతో మీరే కొలవండి. ఆయన దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లుంటే స్టాండ్ కింది అరలో ఇసుక బస్తాలు పెట్టండి, నాలుగు కాళ్లూ నేలకి ఆనేలా చూసుకోండి, ముఖానికి షీల్డ్ లేకుండా ఆన్ చెయ్యకండి. నేను ఈ ఉదయం రెండు బస్తాలు పెట్టాను, వణుకు కొంత తగ్గింది. మొనల తేడా మాత్రం అలాగే ఉంది.