డార్క్‌ఫీల్డ్ ఆబ్జెక్టివ్‌లకి అంత డబ్బు పెట్టొచ్చా?

మాది బాలానగర్‌లో చిన్న మెటలర్జీ టెస్టింగ్ లాబ్. వచ్చేవి ఎక్కువగా స్టీలు, కాస్ట్ ఐరన్, మధ్యమధ్యలో రాగి, ఇత్తడి. కొత్త మైక్రోస్కోప్ కొన్నప్పుడు ఉత్త బ్రైట్‌ఫీల్డ్ (వెలుగు నేరుగా వేసి చూసేవి) ఆబ్జెక్టివ్‌లు, అంటే శాంపిల్ వైపు ఉండే లెన్సులు, కాకుండా డార్క్‌ఫీల్డ్ (వెలుగు ఏటవాలుగా వేసి చూడడం) కూడా చేసే బీడీ (బ్రైట్‌ఫీల్డ్-డార్క్‌ఫీల్డ్) సెట్టు తీసుకున్నాం, ఖర్చు బాగానే పెరిగింది. ఏళ్ల తరబడి వాడాక రాస్తున్నా. ముందే చెప్పేస్తా, డార్క్‌ఫీల్డ్ అంటే నాకు కాస్త పక్షపాతం ఉంది, దానికి కారణం ఒక రాగి ముక్క.

ఒక పార్టీ రాగి పట్టీలు పట్టుకొచ్చాడు. "ఆక్సిజన్ లేని రాగి అని సర్టిఫికెట్ ఉంది సార్, హైడ్రోజన్ ఫర్నేస్‌లో బ్రేజింగ్ చేస్తే (వేరే లోహం కరిగించి అతికిస్తే) మాత్రం పగుళ్లొస్తున్నాయి" అన్నాడు. ఫర్నేస్‌లోకి వెళ్లని ముక్క ఒకటి కోసి, మౌంట్ చేసి, పాలిష్ చేసి, ఎచింగ్ (రసాయనంతో పైతలాన్ని కొద్దిగా తినిపించడం) జోలికి పోకుండా బ్రైట్‌ఫీల్డ్‌లో పెట్టాం. లేత గులాబీ రంగు రాగిలో నీలం కలిసిన బూడిద రంగు చుక్కలు వరసగా ఉన్నాయి. ఆక్సైడా, సల్ఫైడా? బ్రైట్‌ఫీల్డ్‌లో ఆ రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, తేల్చి చెప్పాలంటే టెన్షనే. లివర్ లాగి డార్క్‌ఫీల్డ్‌కి మార్చి లైటు పూర్తిగా పెంచాను. రాగి అంతా నల్లబడిపోయింది, అవే చుక్కలు దానిమ్మ గింజల్లా ఎర్రగా వెలిగాయి. కుప్రస్ ఆక్సైడ్, అంటే రాగిలో ఆక్సిజన్ ఉన్నట్టే! సల్ఫైడ్ అయితే ఆ ఎరుపు రాదు, నల్లగానే ఉండిపోతుంది.

ఎందుకలా అంటే, బ్రైట్‌ఫీల్డ్‌లో మనం చూసేది పైతలానికి తగిలి నేరుగా తిరిగొచ్చిన వెలుగు. డార్క్‌ఫీల్డ్‌లో లెన్స్ చుట్టూ ఉన్న ఖాళీలోంచి వెలుగు దిగి ఏటవాలుగా పడుతుంది, నున్నటి లోహం మీద పడింది అవతలికి పోతుంది, ఆక్సైడ్ లోపలికి దూరి చెదిరి బయటికొచ్చింది మాత్రం లెన్స్‌లోకి వస్తుంది, కాబట్టి దాని అసలు రంగు కనిపిస్తుంది. పగుళ్ల సంగతీ దాంతోనే తేలిపోయింది: వేడి మీద హైడ్రోజన్ రాగిలోకి చొరబడి ఈ ఆక్సైడ్‌తో కలిస్తే నీటి ఆవిరి పుడుతుంది, అది బయటపడే దారి లేక గ్రెయిన్ బౌండరీల్ని (లోహంలోని స్ఫటికాల మధ్య సరిహద్దుల్ని) చీల్చేస్తుంది. ఫొటో చూశాక ఆ పార్టీ మళ్లీ సర్టిఫికెట్ మాట ఎత్తలేదు.

ఆ ఊపులో కనిపించిన వాళ్లందరికీ బీడీయే కొనమని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా చెప్పను. స్టీలుకి నైటాల్ (ఆల్కహాల్‌లో కలిపిన నైట్రిక్ యాసిడ్) వేసి గ్రెయిన్ సైజు చూడాలన్నా, కాస్ట్ ఐరన్‌లో గ్రాఫైట్ లెక్కగట్టాలన్నా మా పని బ్రైట్‌ఫీల్డ్‌లోనే అయిపోతుంది, సాఫ్ట్‌వేర్‌కీ అదే సులువు. డార్క్‌ఫీల్డ్‌లో గ్రెయిన్ బౌండరీలు తెల్లగా మెరుస్తూ చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ రిపోర్టులో ఆ ఫొటో ఎవరూ అడగరు. పైగా తళతళలాడుతోందనుకున్న శాంపిల్‌ని అందులో పెడితే గీతలు, దూది పోగులు, కడగ్గా మిగిలిన మరకలు అన్నీ బయటపడతాయి. మా పాలిషింగ్ కుర్రాడికి ఆ లివర్ అంటేనే మంట. (పాలిషింగ్ మెరుగుపడిందన్నది కూడా నిజమే.)

వెలుగు ఇంకో బాధ. మాది 12 వోల్టుల 100 వాట్ల హాలొజన్ బల్బు, అయినా 50ఎక్స్‌లో డార్క్‌ఫీల్డ్ మసకే, కెమెరాకి ఎక్స్‌పోజర్ బాగా పెంచాల్సిందే. అలా లైటు పెంచి ఉన్నప్పుడు బ్రైట్‌ఫీల్డ్‌కి తిప్పితే కళ్లు బైర్లు కమ్ముతాయి. కొన్ని మోడల్స్‌లో వెలుగు తగ్గించే అడ్డు దానంతటదే పడుతుందట, మాదాంట్లో లేదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక్క మాట. రెండో స్టాండ్ కోసం పాత 20ఎక్స్ బీడీ ఒకటి తెప్పించాం. అమ్మినతను పంపిన ఫొటోలన్నీ బ్రైట్‌ఫీల్డ్‌వి, కడిగిన ముత్యంలా ఉన్నాయి. వచ్చాక బ్రైట్‌ఫీల్డ్‌లో నిజంగానే ఏ వంకా లేదు, డార్క్‌ఫీల్డ్‌లో మాత్రం ఒక పక్క వెలుగు, రెండో పక్క చీకటి, మధ్యలో పొగ పట్టినట్టు. టార్చి వేసి ముందు నుంచి చూస్తే లెన్స్ చుట్టూ వెలుగుని లోపలికి వంచే రింగు మీద సగం దూరం జిడ్డు ఎండి పేరుకుంది. సర్వీసు వాళ్లు తుడిచి చూసి, కింద పూత కూడా పోయింది, ఇక చేసేదేం లేదన్నారు. అసలు లెన్స్‌కి ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడది బ్రైట్‌ఫీల్డ్‌కే పనికొస్తోంది, బీడీ ధర పెట్టి కొన్న మామూలు ఆబ్జెక్టివ్! అందుకే డార్క్‌ఫీల్డ్‌లో తీసిన ఫొటో అడక్కుండా డబ్బు కట్టొద్దు.

మాకు రాగి జాబులు వస్తూనే ఉంటాయి కాబట్టి మాకు గిట్టుబాటైంది. స్టీలు తప్ప ఇంకోటి ముట్టని లాబ్ అయితే మామూలు సెట్టు చాలు, మిగిలిన డబ్బు మంచి కెమెరాకి పెట్టుకోవచ్చు. మధ్యస్థంగా కావాలంటే నోస్‌పీస్ (ఆబ్జెక్టివ్‌లు బిగించే తిరిగే చక్రం) మాత్రం 26 మిల్లీమీటర్ల మరలున్న బీడీది తీసుకుని, అందులో 20ఎక్స్ ఒక్కటే బీడీ పెట్టి, తక్కినవి సన్నటి అడాప్టర్ రింగులతో మామూలువి బిగించుకోవచ్చు. మళ్లీ కొనాల్సొస్తే నేను చేసేది బహుశా అదే, మా ఓనర్ ఒప్పుకుంటే 50ఎక్స్ కూడా.